ఆకు కత్తెర

జూన్ 16, సోమవారం

ఫోన్ చేశాను.

బడి నుంచి వచ్చి, బాత్రూము తలుపు వేసుకుని, కుళాయి తిప్పి, పేపర్లో వేసిన ఎక్సైజ్ వాళ్ల నంబరుకు. అవతలి మనిషి "జెర గట్టిగ మాట్లాడమ్మా, ఇనొస్తలేదు" అంటూనే ఉన్నాడు. గట్టిగా మాట్లాడటం నాకు రాదు. కాన్వెంట్లో చదువంతా గొంతు తగ్గించడమే. కుళాయి కట్టేసి మళ్లీ మొదటినుంచి చెప్పాను. షుగర్ ఫ్యాక్టరీ వెనక మా వాడలో కల్లు డిపో. ఆ కల్లుకు ఏ చెట్టుతోనూ సంబంధం లేదు. నీళ్లు, చక్కెర, శాక్రిన్, తెల్లపొడి. బీడీలు చేసే ఆడవాళ్లంతా పొద్దుగూకేసరికి సీసా పట్టుకుని వరుసలో నిలబడతారు.

మా అమ్మ కూడా నిలబడుతుందని చెప్పలేదు.

"పేరేందమ్మా?" అన్నాడు. పెట్టేశాను.

జూన్ 17, మంగళవారం

అమ్మ మళ్లీ తింటూ తింటూనే నిద్రపోయింది. పళ్లెం మీదికి వాలకుండా భుజం పట్టుకుని పడుకోబెట్టాను. వేళ్ల సందుల్లో మెతుకులు తడిబట్టతో తుడిచాను. ఎంత తుడిచినా తంబాకు వాసన పోదు.

బాపు చనిపోయిన ఏడు అమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. ఆ బీడీలతోనే నన్ను నిజామాబాద్‌లో హాస్టల్లో పెట్టి కాన్వెంటులో చదివించింది. నేనిప్పుడు పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. ఆమె ఇంకా చాట ముందే ఉంది. అందుకే ఆమెను ఏమీ అనలేను. డిపోను అనగలను.

పక్కింటి అంజవ్వతో ఒకసారి అన్నాను, ఈ తాగుడు ఎట్లా మానిపించాలి అవ్వా అని. ఆమె నోరంతా తెరిచి నవ్వింది. "గది తాగుడు గాదు పిల్లా. పొద్దంత వంగి కూసున్న నడుముకు నూనె రాసుకున్నట్టు. నువ్వు పుస్తకం సదువుకుంట పండుకుంటవు, మేం సీసా తాగి పండుకుంటం."

జూన్ 20, శుక్రవారం

వచ్చారు! రెండు జీపులు. డిపోకు తాళం, తాళానికి సీలు. నేను బడి మెట్ల మీద నిలబడి చూశాను. పిల్లలు పిలుస్తున్నా లోపలికి పోలేదు. సంతోషంతోనే.

జూన్ 21, శనివారం

పేపర్లో ఫోటో వచ్చింది. కత్తిరించి ఈ పేజీలో అంటించాను. ఎక్సైజ్ ఎస్సై దశరథం గారు సీసా తలకిందులు చేసి మోరీలో పారబోస్తున్నారు. వెనక కానిస్టేబుళ్లు వరుసగా, గ్రూపు ఫోటోలో నిలబడ్డట్టు. మోరీ నిండా నురగ.

ఇది నా పని. ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే బాగుంది.

అమ్మ అన్నం తినలేదు. "ఎవడో కండ్లు మండినోడు ఫోన్ జేసిండట. వాని చేతులు పడిపోను" అంది. నేను ఆమె పళ్లెంలో ఇంకొంచెం పప్పు వేశాను.

జూన్ 22, ఆదివారం

అమ్మకు నిద్ర లేదు. చెమట. జ్వరమేమో. అలవాటు పోవాలంటే రెండు రోజులు ఆ మాత్రం ఉంటుంది.

జూన్ 23, సోమవారం

రెండు రోజులు కాదు, నాలుగైదు రోజులనుకోవాలి. ఉపాయం దొరికింది. ఆమె ఒళ్లు కల్లు అడుగుతోంది, అంతే కదా. అసలు కల్లు పోస్తే సరిపోతుంది. అంజవ్వ తమ్ముడు రాజమల్లు నవీపేట్ దగ్గర ఈత చెట్లు ఎక్కుతాడు. సెలవు పెట్టి బస్సులో పోయి, చెట్టు నుంచి దింపిన కల్లు డబ్బాలో తెచ్చాను. నా జీవితంలో కల్లు ముట్టుకోవడం ఇదే మొదలు. బస్సులో అందరూ నన్నే చూస్తున్నారనిపించింది.

అమ్మ ఒక గుక్క తాగి ఉమ్మేసింది. "గిదేం కల్లే? పుల్లనీళ్లు." అయినా బతిమాలి గ్లాసు తాగించాను. అంజవ్వ కూడా ఒక గ్లాసు తాగి, "మంచిగనే ఉంది గని నిద్ర లేదు ఇందుల" అంది.

అమ్మకు అలవాటైపోతుంది. మంచిదే తాగింది కదా.

జూన్ 24, మంగళవారం

చాటలో చీమలున్నాయని అమ్మ ఆకులన్నీ నేల మీద పోసింది. చీమలు లేవు.

జూన్ 26, గురువారం, నిజామాబాద్

దవాఖాన బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

నిన్న పొద్దున అమ్మ ఆకు కత్తిరిస్తోంది. కత్తెర చేతిలోంచి జారింది. మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, ఎవరో వెనక నుంచి పట్టి తిప్పినట్టు. తర్వాత ఒళ్లంతా కొట్టుకుంది. నేను అరిచాననుకున్నాను. అంజవ్వ చెప్పింది, అరవలేదట, ఆమె ఇంటి ముందుకు పోయి నోరు తెరుచుకుని నిలబడ్డానట.

వార్డులో అమ్మ ఒక్కతే కాదు. పక్క మంచం మనిషి గోడమీద ఎవరినో తిడుతున్నాడు. ఒక ముసలాయన మెడ అమ్మ మెడలాగే తిరిగి ఉంది. వాళ్లవాళ్లను ఏ ఊరు, ఏ వాడ అని అడిగాను. అన్నిచోట్లా డిపోలు మూశారు. అన్నిచోట్లా ఫోటోలు దిగారు.

డాక్టరు నాకంటే రెండేళ్లు పెద్దదై ఉంటుంది. "ఎవరు ఆపించారు ఒక్కసారిగా?" అంది. నేను అమ్మ మీది దుప్పటి సర్దాను. కల్లులో కలిపే తెల్లపొడి అల్ప్రాజోలం, నిద్రమందు అని చెప్పింది. చెట్టు కల్లు తెచ్చిన సంగతి చెబితే తల కొట్టుకుంది. "ఈమె ఒళ్లు కల్లు అడుగుతలేదమ్మా, అందులో పొడి అడుగుతోంది. చెట్టు కల్లు ఎంత పోసినా ఇంతే. ఏళ్ల తరబడి మేడమీద కూర్చోబెట్టి ఇప్పుడు కిందికి తోసేశారు. మెట్ల మీదుగా దింపాలె."

అంటే అట్లాంటి మందే, గోలీలుగా. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ. ఒక్క రోజు తప్పినా మళ్లీ ఫిట్స్.

రాత్రి లేచి పడిపోతోందని అమ్మ చేతులు మంచానికి బట్టతో కట్టారు. కట్టకపోతే పడుతుంది. నాకు తెలుసు. ఆ చేతులు చూడలేకపోయాను.

మూసేవాళ్లు ముందురోజు ఈ డాక్టరుకు ఒక్క మాట చెబితే ఏమైపోయేది? ఒక్క ఫోను. నేను చేసినట్టు.

జూన్ 28, శనివారం

ఇంటికి వచ్చాం. గోలీలు నా బడి సంచిలో ఉంటాయి. ఎక్కడ దాచానో అమ్మకు తెలియదు. వచ్చే వారం నుంచి సగం గోలీ తక్కువ చేయాలి. చాకుతో కోస్తే పొడి అయిపోయింది. అమ్మ ఆకు కత్తెర తెచ్చాను. చిన్నది, నల్లది, మొన దగ్గర మెరుస్తుంది. కచ్చితంగా తెగింది.

"నా కత్తెర ఎందుకే?" అంది. దారం కోసమన్నాను.

జూన్ 30, సోమవారం

డిపోకు సీలుంది. బీడీ కార్ఖానా వెనక మాత్రం కొత్తది వచ్చింది. మడత పెట్టిన కాగితం, అందులో చిటికెడు పొడి. నిద్ర పొట్లం అంటున్నారు. చక్కెర నీళ్లలో కలుపుకుంటే చాలట, కల్లు కూడా అక్కరలేదట. పాతదాని కంటే గట్టిదట.

అంజవ్వ సాయంత్రం ఒకటి కొంగున ముడేసుకుని వచ్చింది. "పుష్పలతా, సగం నీకు, సగం నాకు" అంది అమ్మతో. నేను అడ్డంగా నిలబడ్డాను. అవ్వా, అది పాత మందు కాదు, ఎంత వేస్తే ఏమవుతుందో అమ్మేవాడికే తెలియదు, పారెయ్యి అన్నాను.

"డిపో మూసిండ్రు గని నిద్రను గూడ మూస్తరా?"

"దవాఖానకు పోదాం. నేను తీసుకుపోతాను. నాకు కోపం వస్తోంది అవ్వా."

"ఓయమ్మ!" అని అమ్మ వైపు తిరిగింది. "నీ బిడ్డ కోపం గూడ పాఠం సదివినట్టే ఉంటది సూడు." ఇద్దరూ నవ్వారు. అమ్మ దవాఖాన నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. అందుకని నేనూ ఊరుకున్నాను.

పొట్లం ఆమె కొంగులోనే పోయింది.

జూలై 2, బుధవారం

అంజవ్వ లేవలేదు.

జూలై 3, గురువారం

నిన్నటి సంగతి రాయాలి.

ఎస్సై దశరథం వచ్చాడు. (గారు అని రాయను.) అంజవ్వ మంచం దగ్గరికి రాలేదు, గడప దగ్గరే నిలబడి ఆమె కొడుకును అడిగాడు. "వయసెంత?" డెబ్బై దాటిందన్నాడు. "ఆ, వయసు మీద పడ్డది. ఎండలు గూడ గట్లనే ఉండె." కానిస్టేబుల్ రాసుకున్నాడు. ఎండలు పోయి వానలు పడుతున్నాయి.

గ్లాసు పక్కన ఉన్న కాగితం నేను తీశాను. తెల్లపొడి ఇంకా అంటుకుని ఉంది. ఆయన చేతికిచ్చాను. పొట్లం ఎవరు అమ్మారో చెప్పాను. డిపో నడిపే ముస్తేదారు తమ్ముడు. వాడలో అందరికీ తెలుసు.

"ఇనొస్తలేదు మేడం."

మళ్లీ చెప్పాను.

"సాక్ష్యం కావాలె మేడం. ల్యాబుకు పంపిస్తం." కాగితాన్ని మడిచి చొక్కా జేబులో, పెన్ను పక్కన పెట్టుకున్నాడు. కవరు లేదు, సీలు లేదు. ఉతికే రోజున నీళ్లలో పోతుంది.

అప్పుడు నోరు జారాను. "సార్, డిపో గురించి ఫోన్ చేసింది నేనే. మూసే ముందు దవాఖానకు చెప్పారా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. వాకిలంతా వినబడేట్టు "అరె, మీరా మేడం! థ్యాంక్స్! మీ అసుంటి సదువుకున్నోళ్లు ముందుకు రావాలె" అన్నాడు. తర్వాత, "మూసుడు మా పని. మందులిచ్చుడు హెల్త్ వాళ్ల పని. ఎవరి పని వాళ్లది" అన్నాడు.

వాకిట్లో ఆడవాళ్లందరూ నా వైపు తిరిగారు. అమ్మ కూడా.

ఇంటికి వచ్చాక అమ్మ నన్ను చాట పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత నా రెండు చేతులు తీసుకుని అరచేతులు పైకి తిప్పి చూసింది, బీడీల కట్టలు చూసినట్టు. "నా నోట్ల మన్నువడ" అంది. చేతులు పడిపోవాలన్న మాట గుర్తొచ్చినట్టుంది. వదలలేదు, అట్లా పట్టుకునే కూర్చుంది.

జూలై 4, శుక్రవారం

మూడో రోజు. అంజవ్వకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టారు. కోడికూర, గారెలు. రాజమల్లు చెట్టు కల్లు తెచ్చి ఆకు దొప్పలో పోశాడు. అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చింది, ప్రహరీ మీద కూర్చుంది, దిగలేదు. చెప్పుకోండి, ఏం కోరిక మిగిలిందో చెప్పుకోండి అన్నారు పెద్దలు. కొడుకు చేతులు జోడించాడు, మనవరాళ్ల పెళ్లి చేస్తానన్నాడు. కాకి దిగలేదు.

"ముసల్దానికి డిపో కల్లు గావాలె. నీ పుల్లనీళ్లకు వస్తదా?" అంది కోడలు.

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత అందరూ. రాజమల్లు కూడా, ఏడుస్తూనే. నేను నవ్వలేదు. నా పక్కన ఎవరూ నిలబడలేదు.

జూలై 7, సోమవారం

డిపో తెరిచారు. పాత షెడ్డు, పాత సీసాలు, కొత్త పేరు మీద లైసెన్సు. ముస్తేదారు తమ్ముడి పేరు.

జూలై 11, శుక్రవారం

గోలీలు అయిపోవస్తున్నాయి. డాక్టరు చీటీ తీసుకుని ఆత్మారాం మెడికల్‌కు పోయాను. ఆత్మారాం చీటీ చూసి, వెనక్కి తిప్పి చూసి, కౌంటర్ మీద చెత్త జరిపినట్టు నా వైపు జరిపాడు.

"స్టాక్ లేదు మేడం."

"ఎప్పుడు వస్తుంది?"

"రాదు. ఈ గోలీ మీద చెకింగులు నడుస్తున్నయి. అమ్మితె నా లైసెన్స్ మీదికొస్తది."

"చీటీ ఉంది కదా. దవాఖాన ముద్ర ఉంది."

"ముద్ర మీకుంది. ఫైన్ నాకుంటది."

ఇంకో రెండు షాపులు తిరిగాను. అదే మాట. బస్తాలకొద్దీ పొడి డిపోలోకి పోవచ్చు. డాక్టరు రాసిన గోలీ మా అమ్మ నోట్లోకి పోకూడదు. ఇది రాస్తుంటే పెన్ను కాగితాన్ని చింపింది.

జూలై 12, శనివారం

ఉన్నవాటిని ఇంకా చిన్నగా కత్తిరించాను. అమ్మ చేతులకు మళ్లీ వణుకు మొదలైంది.

జూలై 14, సోమవారం

నిన్నటిదంతా వరుసగా రాస్తాను. మరిచిపోకూడదు.

పొద్దున ఆఖరి ముక్క వేశాను. మధ్యాహ్నానికి అమ్మ ఆకు చుడితే తంబాకు రాలిపోతోంది. నిజామాబాద్ పోదామన్నాను. "మల్ల చేతులు కడ్తరు. రాను. సస్తె ఈడ్నే సస్త" అంది. ఎంత బతిమాలినా మంచం కోడు వదలలేదు.

సాయంత్రం నేను డిపోకు పోయాను.

ఒక్క సీసా. అందులో ఒక్క గ్లాసు. రేపటిదాకా ఆగితే చాలు, రేపు ఎట్లాగైనా డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను. అందులో ఏం పొడి కలిపారో తెలియదని నాకు తెలుసు. అంజవ్వను నేను చూశాను. అయినా పోయాను. అమ్మ మెడ మళ్లీ తిరగడం కంటే నాకు ఏదైనా తక్కువే అనిపించింది.

ఆడవాళ్ల వరుస చివర నిలబడ్డాను. "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నాను, ఎందుకో. వరుస మొత్తం వెనక్కి తిరిగింది.

"టీచరమ్మ వచ్చింది జరుగుండ్రి!"

"ఫోన్ జేసిన చెయ్యి గాదె గది? ఇప్పుడు సీస వడ్తదా?"

"పోనియ్యండ్రే. పుష్పలతకు మంచిగ లేదట."

ఆ ఆఖరి మాట అన్నది ఎవరో చూడలేదు. తల ఎత్తితే కదా చూడటానికి. కానీ వాళ్లు నిజంగానే జరిగారు. నన్ను ముందుకు పంపారు.

సీసా చున్నీ కింద పెట్టుకుని బయటికొస్తే జీపు. అంజవ్వ చచ్చిపోయాక కొత్త రూలు పెట్టారట, సీసాలు ఇళ్లకు పోవద్దు, లోపలే కూర్చుని తాగాలి. ఎస్సై నన్ను చూసి నిజంగా బాధపడ్డాడు. "మేడం! మీరు గూడనా? చదువుకున్నోళ్లు మీరే గిట్ల చేస్తే ఎట్ల?" కానిస్టేబుల్ నా చేతిలోంచి సీసా తీసుకుని మోరీలో పారబోశాడు. ఇంకొకడు ఫోన్లో ఫోటో తీశాడు. నురగ చూశాను. నా డైరీలో ఉన్న ఫోటోలోని నురగే.

ఇంటికొచ్చాను. ఆటో పిలిచాను.

"దవాఖానకైతె రాను" అంది అమ్మ.

"దవాఖానకు కాదు. స్టేషన్‌కు."

"టేషన్‌కెందుకే?"

"నీ చాట తెచ్చుకో. అక్కడ కూర్చుని బీడీలు చేద్దువు."

ఏమనుకుందో, చాట చంకన పెట్టుకుంది. తడిగుడ్డలో ఆకులు, కత్తెర, దారం అన్నీ తెచ్చింది. ఎక్సైజ్ స్టేషన్ వరండాలో బెంచీ మీద అమ్మను కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని నిజంగానే మొదలుపెట్టింది. చేతులు ఊరికే ఉండలేవు ఆమెకు. ఆకు వణికింది, తంబాకు నేలంతా రాలింది.

"ఏయ్, ఇది కార్ఖాననా?" అని కానిస్టేబుల్ వచ్చాడు. వెనక ఎస్సై.

నేను లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడానో అంతా గుర్తులేదు. ఇంతవరకు గుర్తుంది: "ఈమె నా తల్లి. మీరు మూసిన డిపోలో తాగింది, మీరు తెరిపించిన డిపో పక్కనే ఉంటుంది. డాక్టరు గోలీలు రాసింది. మీకు భయపడి ఎవరూ ఇవ్వట్లేదు. కల్లు తెస్తే మీరు పారబోశారు. ఇప్పుడు ఫిట్స్ వస్తాయి. మీ ముందే రానీ. ఫోటో తీసుకోండి. మొన్న సీసాతో దిగారు కదా, ఇవాళ మా అమ్మతో దిగండి!"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. టీ కొట్టు దగ్గర మనుషులు లేచి వచ్చారు. నా గొంతు అంత దూరం పోతుందని నాకు తెలియదు.

ఎస్సై ఆ మనుషులను చూశాడు. అమ్మను చూడలేదు. చీటీ లాక్కుని ఫోన్ చేశాడు. "ఆత్మారాం, నీ దగ్గరున్నయి గదా... అరె ఉన్నయి గదా... నేనే చెప్తున్న." అమ్మ నాలుగో బీడీ చుట్టే లోపలే ఆత్మారాం స్కూటర్ మీద వచ్చాడు. రెండు స్ట్రిప్పులు.

"స్టాక్ లేదన్నారు."

"ఇప్పుడే వచ్చింది మేడం" అన్నాడు నేల చూస్తూ.

అక్కడే కత్తెరతో కత్తిరించి, టీ కొట్టు వాళ్లిచ్చిన నీళ్లతో వేశాను. వెళ్తుంటే ఎస్సై అన్నాడు: "అయిపాయె గదా మేడం. గింత దానికి గంత గట్టిగ మాట్లాడుతరా?"

జూలై 15, మంగళవారం

గొంతు బొంగురు పోయింది. నిన్న బడిలో బోర్డు మీద రాసి చెప్పాను.

ఇవాళ అమ్మ నాతో నిజామాబాద్ వచ్చింది. ఈసారి అడగకుండానే. డాక్టరు నెలకు సరిపడా దవాఖాన నుంచే ఇప్పించింది. అందరికీ ఇప్పించలేనని కూడా చెప్పింది.

జూలై 19, శనివారం

అంజవ్వ పొట్లం గురించి కనుక్కోవడానికి పోయాను. ల్యాబు నుంచి ఏమీ రాలేదట. ఏ పొట్లం అని కూడా అడిగారు.

మా వాడ ఆడవాళ్లు ఇద్దరు పొద్దున ఇంటికొచ్చారు, చీటీలు పట్టుకుని. "ఆత్మారాం మాకు గూడ లేవంటుండు. నువ్వొచ్చి టేషన్ల లెక్క జెర గట్టిగ ఒర్రరాదు" అన్నారు. పోయాను. ఒర్రాను. ఇచ్చాడు.

సోమవారం ఇంకొకరికి కావాలి.

జూలై 27, ఆదివారం

ఫోటో ఉన్న పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఉండనీ. అది నేను అంటించిందే.

ఇవాళ్టి నుంచి పావు గోలీ. నేను కత్తెర తీస్తుంటే అమ్మ చెయ్యి చాపింది. "ఇగ తే. నువ్వు వంకర కోస్తున్నవు." సంచిలో గోలీలు ఉన్న సంగతి ఆమెకు ఎప్పటినుంచో తెలుసన్నమాట. ఇచ్చాను. గోలీని బొటనవేలి గోరు మీద నిలబెట్టి, తునికాకు ఈనె చూసినట్టు ఒక కన్ను మూసి చూసి, కత్తిరించింది. మళ్లీ కత్తిరించింది. చెయ్యి వణకలేదు. ముక్కలు నాలుగూ సమానం.

ఒకటి నోట్లో వేసుకుంది. మూడు నాకిచ్చింది.

తర్వాత కత్తెర మొనకు అంటిన పొడిని నాలుకతో నాకింది. ఒక పక్క, తర్వాత రెండో పక్క, నిదానంగా, కళ్లు మూసుకుని.

రోడ్డు మీద డిపోకు సీసాల బండి పోతోంది. కళ్లు తెరవకుండానే అమ్మ తల అటు తిరిగింది.

నేను లేచి, కత్తెర ఆమె చేతిలోంచి తీసుకుని, కుళాయి కింద పెట్టి కడిగాను. చాలాసేపు కడిగాను.